ఎడమచేతికీ తెలియాలి

మొన్న ఆదివారం ఒక సత్రంలో భోజనానికి కూర్చున్నాను. నెత్తిన ఫ్యాను. మూడు రెక్కల మీదా దాతగారి పేరు, ఊరు, ఎవరి జ్ఞాపకార్థమో ఆ వివరం. ఫ్యాను తిరిగితే చదవలేం కదా, అందుకని గోడకు మళ్లీ ఓ ఫలకం. నా ఫలకాల పిచ్చి ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. బస్‌స్టాపు బెంచీల మీద పేర్ల గురించి రాసినందుకు తిట్టినవాళ్లు ఇప్పటికీ తిడుతూనే ఉన్నారు.

ఆ విసుగులో ఉండగానే పక్క విస్తరి దగ్గర మా మేనకోడలు తన సంగతి చెప్పింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీతంలో పదో వంతు పేదల కోసం ఇస్తానని మాటిచ్చి, అలా మాటిచ్చినవాళ్ల పట్టికలో పేరు వేయించుకుందట. టోబీ ఆర్డ్ అనే తత్వశాస్త్రవేత్త 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలుపెట్టిన ‘గివింగ్ వాట్ వుయ్ కెన్’ వాళ్ల పట్టిక అది. పిల్ల పంపే డబ్బు ఆఫ్రికాలో దోమతెరలకు పోతుంది.

“ఇస్తే ఇచ్చావు గానీ, పట్టిక ఎందుకే?” అన్నాను.

“ఆ పట్టిక చూసే కదా మామయ్యా, నాకూ ఇవ్వాలనిపించింది!”

ఈలోగా బావగారు అందుకున్నారు. “తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం. ముందు మన మన్యంలో దోమల సంగతి చూడమను.” బావగారు మన్యానికి ఒక్క దోమతెరైనా పంపిన దాఖలా నాకు తెలిసి లేదు. ‘ముందు మనవాళ్లు’ అనే మాట చాలాసార్లు ఎవరికీ ఇవ్వకుండా లేచిపోవడానికే పనికొస్తుంది.

అసలు దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ పట్టుకున్నది 1897లో, మన సికింద్రాబాద్‌లోనే. హుస్సేన్ ఖాన్ అనే రోగి దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకుని వాటిచేత కుట్టించుకున్నాడు. ఇన్నేళ్లయినా మలేరియా ఏటా ఆరు లక్షల మంది దాకా పొట్టన పెట్టుకుంటోంది. అందులో ఎక్కువమంది ఆఫ్రికాలో అయిదేళ్లు నిండని పిల్లలు. మందు పట్టించిన దోమతెర, పంచే ఖర్చుతో కలిపినా, కొన్ని వందల రూపాయలే.

తూర్పు బెంగాల్ శరణార్థులు లక్షలాదిగా మన సరిహద్దు దాటి వస్తున్న 1971లో పీటర్ సింగర్ అనే తత్వశాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. మరుసటి ఏడు అచ్చయింది. కుంటలో పిల్ల మునిగిపోతుంటే బట్టలకు బురదవుతుందని ఒడ్డున నిలబడతామా, మరి ఆ పిల్ల వేల మైళ్ల అవతల ఉంటే మాత్రం తేడా ఏమిటి అని అడిగాడు. అందులో లొసుగు కోసం ఏళ్ల తరబడి వెతికాను, దొరకలేదు. అయినా ఆ వ్యాసం చదివి నా చెయ్యి జేబులోకి పోలేదు.

మనం వేల మైళ్ల అవతలివాళ్లమైన రోజులు కూడా ఉన్నాయి. ధాత కరువు. 1876లో మొదలై కడప, కర్నూలు, బళ్లారి, నెల్లూరు సీమలను పీల్చేసింది. 1877 జనవరి 1న వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో దర్బారు చేస్తుంటే ఇక్కడ ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. ధాన్యం మాత్రం ఓడలెక్కుతూనే ఉంది. కరువు పనులు చూడమని లిట్టన్ ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఆ పనుల కూలి తగ్గించాడు. మగమనిషి రోజంతా రాళ్లు కొడితే ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఓ అణా. అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ మొత్తుకున్నాడు. ఆగస్టులో మద్రాసు పెద్దలు సభ చేసి లండన్‌కు మొర పెట్టుకున్నారు. లిట్టన్‌కు అది నచ్చలేదు. అయినా లండన్ మేయరు మాన్షన్ హౌస్‌లో నిధి తెరిచాడు, లక్షల పౌండ్లు పోగయ్యాయి. ఆ డబ్బుతో రైతులకు ఎద్దులు, విత్తనాలు, ఇంటి కప్పులకు సాయం అందాయి. ఆ నిధి పనుల్లో తిరిగిన విలియం డిగ్బీ ఈ కథంతా 1878లో రెండు సంపుటాలుగా రాసిపెట్టాడు.

దోచుకున్నదాంట్లోంచి కాస్త విదిలించారు, గొప్పేముంది అనే మిత్రులున్నారు. సబబే. పన్నులూ ఎగుమతులూ తెలిసినవాళ్లెవరూ కాదనలేరు. కానీ చందా వేసిన గుమాస్తా లిట్టన్ కాడు. కడప ఎక్కడుందో అతనికి తెలిసే అవకాశమే తక్కువ. లండన్ సందుల్లో ఆకలి లేకనూ కాదు. ‘ముందు మనవాళ్లు’ అని అతనూ అనగలిగేవాడే.

మరి ఎందుకిచ్చాడు? తత్వశాస్త్రం చదివి మాత్రం అయ్యుండదు. ఆ రోజుల్లో ఎవరెంత ఇచ్చారో పేర్లతో సహా పత్రికల్లో అచ్చేసేవారు. ఎదురింటాయన పేరు కనబడితే మన పేరు లేకపోవడం కూడా కనబడుతుంది.

ఇక్కడే నా ఫలకాల సిద్ధాంతం నాకే అడ్డొస్తోంది. సత్రంలో పేరు తినేవాడి నెత్తిన వేలాడుతుంది, ఎవరిది తింటున్నావో గుర్తుంచుకోమంటుంది. అది నాకు ఇప్పటికీ కిట్టదు. మలావీలో దోమతెర కింద పడుకున్న పిల్లకు మా మేనకోడలి పేరు ఏనాటికీ తెలియదు. దండం పెట్టాల్సిన పనీ లేదు. ఆ పట్టిక పుచ్చుకునేవాళ్ల కోసం కాదు, ఇవ్వగలిగి ఇవ్వనివాళ్ల కోసం. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు. తెలియకపోతే ఎడమచెయ్యి ఎప్పుడు కదులుతుంది?

కాబట్టి రాస్తున్నాను. ఈ కాలమ్‌కు వచ్చే పారితోషికంలో పదో వంతు ఈ నెల నుంచి దోమతెరలకు. అదేమంత మొత్తమో మా సంపాదకుడికి బాగా తెలుసు, మీరు అడక్కండి. మన్యం దోమతెరలకు బావగారి పేరు పక్కన ఎంత వేయమంటారో కనుక్కుని వచ్చే వారం అదీ అచ్చేస్తాను.