ఆరుద్ర : అపరాధ పరిశోధన, సాహిత్య పరిశోధన

రైలు ప్రయాణమునకును అపరాధ పరిశోధక నవలకును గల చుట్టరికము నేటిది కాదు. విజయనగరమునుండి రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా రాయపూరు చేరు మార్గము 1931లో పూర్తియైనది. నేడు ఛత్తీస్‌గఢ్ రాజధానియైన ఆ పట్టణమున రైల్వే కొలువులలో కుదురుకొన్న తెలుగు కుటుంబములు అనేకము. అట్టి కుటుంబములోని పాఠకునకు తెలుగు గ్రంథాలయము దూరము, జేబు పుస్తకము చేరువ. టిట్లాగఢ్ దాటులోపల ముగిసిపోవు నవలను పండితుడు గ్రంథమని ఒప్పుకొనకపోవచ్చును. కాని పరభాషా ప్రాంతమున తల్లిభాషలోని అక్షరముల వెంట కన్ను పరుగెత్తుట ఎంతటి భాగ్యమో చదివినవానికి తెలియును.

ఆ పాఠకుడేమి చదివెనో అప్పుడప్పుడు విచారించిన విమర్శకులు కలరు. ఆ నవల వ్రాసినవాడేమి చదివెనని విచారించినవారు మాత్రము అరుదు. ఒకవేళ అడిగినను, ఏ ఆంగ్ల గ్రంథమునుండి ఎత్తివ్రాసెనన్నంతవరకే ఆ ప్రశ్న. ఆ అనుమానము నిరాధారమని చెప్పరాదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో వంగభాషనుండి పాంచ్‌కడి దే నవలలును, పిమ్మట ఆంగ్లమునుండి పెక్కు కథలును తెలుగు వేషము ధరించి వచ్చినవి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధరును, ఆతని సహాయకుడు రాజును ఇంటింటికిని పరిచితులను చేసిన పిమ్మటగూడ ఆ చిన్నచూపు పోలేదు. అందుచేతనే ఒక కవి ఈ రంగమున కాలుమోపినప్పుడు విమర్శకులు దానిని పొట్టకూటి పనిగా లెక్కించి, మర్యాదకొరకు చూడనట్లు నటించిరి.

ఆ కవి ఆరుద్ర. భాగవతుల సదాశివశంకరశాస్త్రి అను ఈయన (1925–1998) యలమంచిలిలో జన్మించి, విశాఖపట్టణమునను విజయనగరమునను చదివి, యుద్ధకాలమున వైమానిక దళమున పనిచేసి, మదరాసు చేరి పత్రికలలోను చలనచిత్రములలోను జీవిక చూచుకొనిరి. 1949లో వెలువడిన ‘త్వమేవాహం’ తెలంగాణములోని రజాకార్ల దౌర్జన్యములు ప్రేరణగా పుట్టిన కావ్యము. అందు గడియారములు ప్రతీకలు. కాలమును ఘడియ ఘడియగా లెక్కపెట్టు చూపు అపరాధ పరిశోధకునకును అవసరమే గదా.

ఆయన వ్రాసిన పరిశోధక నవలల పేర్లు చూచినను ఒక విశేషము తోచును. ‘పలకల వెండిగ్లాసు’, ‘అణాకొక బేడ స్టాంపు’. నెత్తురు, కత్తి, అర్ధరాత్రి, కేక: ఇట్టి మాటలతో అట్టలు నిండిన కాలమున ఈయన ఇంటిలోని గ్లాసును, తపాలా కచేరిలోని స్టాంపును ముందునకు తెచ్చిరి. రెండవ పేరునందలి చమత్కారము నేటి యువకులకు విడమరచి చెప్పవలసి యుండును. బేడ యనగా రెండణాలు. 1957లో దశాంశ నాణెములు వచ్చినంతవరకు ఈ లెక్క పసిపిల్లలకును తెలియును. రెండణాల స్టాంపు అణాకు వచ్చుటెట్లు? పుట తెరవకమునుపే పాఠకుని మనస్సున ఒక అక్రమము నాటుకొన్నది. అపరాధము జరిగిన తావున సర్వము యథాతథముగనే యుండి ఒక్క వస్తువు మాత్రము లెక్కకు కుదరకుండుట ఈ ప్రక్రియకు ప్రాణము. ఆరుద్రకు ఆ కుదరనితనమునందే మక్కువ.

ఇచట ఆంగ్లదేశపు కవి సెసిల్ డే లూయిస్‌ను స్మరింపవచ్చును. ఇంటికప్పు బాగుచేయించుటకు సొమ్ము కావలసివచ్చి ఆయన 1935లో నికొలస్ బ్లేక్ అను మారుపేరుతో తొలి అపరాధ పరిశోధక నవల ప్రకటించెను. 1968లో ఆస్థానకవియైన తరువాతగూడ ఆ రెండు పేర్లను వేరుగనే యుంచెను. డొరతీ సేయర్స్ లార్డ్ పీటర్ కథలు చాలించి డాంటే కావ్యానువాదమునకు జీవితశేషమును ధారపోసి, దానినే తన ఉత్తమ కృషిగా భావించెను. అగాథా క్రిస్టీకి డికెన్స్ నవలలలో ‘బ్లీక్ హౌస్’ మిక్కిలి ప్రియము. ఆంగ్ల నవలలో తొలి పరిశోధకులలో ఒకడైన ఇన్‌స్పెక్టర్ బకెట్ కనిపించునది అందే. ఇట్టివారి చదువు మీదను వ్రాత మీదను అచటివారు గ్రంథములు వ్రాసిరి. మనవారు ఆరుద్రను కవియనిరి, పరిశోధకుడనిరి, సినీగేయకర్తయనిరి. ఈ మూడింటినడుమ దాగియున్న నవలాకారుని మాత్రము అతిథిగనే చూచిరి.

ఆయన అతిథి కాడు. ‘రాముడికి సీత ఏమౌతుంది?’ అను గ్రంథమును చూడుడు. ఇంటిలోని వారికందరికిని తెలిసిన సంగతిని తెలియనట్లు అడుగుట ఏ పండితుని అలవాటు? అది గడపలో అడుగుపెట్టిన పరిశోధకుని తొలి ప్రశ్న. వాల్మీకి సాక్ష్యము ఒక్కటే చాలదని పొరుగువారిని పిలిపించుట తరువాతి మెట్టు. దశరథ జాతకమున సీత రామునకు చెల్లెలు, వనవాసానంతరము భార్య. గుణభద్రుని ఉత్తరపురాణమున సీత రావణ మందోదరుల కూతురు. ఖోటాను రామాయణమున రామలక్ష్మణులిద్దరకును ఆమె భార్య. జానకి జన్మను గూర్చి ఇన్ని వాఙ్మూలములు లోకమున చెలామణిలో నున్నప్పుడు ఒక్కదానినే నమ్మి మిగిలినవానిని విననే వినకుండుట పరిశోధకధర్మము కాదు.

ఈ పద్ధతికొక ప్రమాదమును కలదు. నవలలో సాక్ష్యములు పరస్పరము విరుద్ధములైనచో ఎవరో ఒకరు బొంకుచున్నారనుట నిశ్చయము. పురాణకథలో ఎవరును బొంకరు. బౌద్ధుని కథ బౌద్ధునకు సత్యము, జైనునిది జైనునకు. చివరి అధ్యాయమున నేరస్థుని పట్టి నిలువబెట్టు అలవాటు గలవానికి ఇచట చేతికి దొరకువాడు ఎవడును ఉండడు. ఈ గ్రంథమును చదివి రోషము తెచ్చుకొన్నవారును, చంకలు గ్రుద్దుకొన్నవారును ఒకే పొరపాటు చేసిరి. ఇద్దరును దానిని తీర్పుగా చదివిరి. అది తీర్పు కాదు, సాక్షుల విచారణ. ఆ భేదమును స్ఫుటముగ నిలుపు బాధ్యత రచయితకును కొంత కలదు. ప్రశ్నలోని పదును ఆ శీర్షికకు వన్నె తెచ్చిన మాట నిజమే గాని, ఆ పదునే సమాధానమును ముందుగా ఊహించుకొనునట్లు పాఠకుని తొందరపెట్టినది.

‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ వచ్చుసరికి ఈ విద్యకు తగిన క్షేత్రము దొరకినది. 1965 మొదలుగా ఎం. శేషాచలం అండ్ కంపెనీ వారు ప్రకటించిన ఈ సంపుటములు రాజవంశముల క్రమమున నడచును. కందుకూరి వీరేశలింగము ‘ఆంధ్ర కవుల చరిత్రము’, చాగంటి శేషయ్య ‘ఆంధ్రకవి తరంగిణి’ ముందే కలవు. తెలుగు సాహిత్య చరిత్రయో, అనుమానముల పుట్ట. 1909లో మానవల్లి రామకృష్ణకవి ‘కుమారసంభవము’ ప్రకటించి నన్నెచోడుడు నన్నయకు పూర్వుడనిన నాటినుండి రేగిన వివాదమొక్కటి చాలును. శాసనము, ఛందస్సు, వంశావళి అన్నియు అందు సాక్షులే. ఇట్టి చిక్కులను ఇతరులు పాదసూచికలలో దాచగా, ఆరుద్ర వానిని కథాగమనములోనికే తెచ్చిరి. పండితులు కొందరు ఈ శైలిని చులకన యనిరి. కాని ఒక్కడు అన్ని శతాబ్దముల సాహిత్యమును నడిపించుకొనిపోవుచుండగా పాఠకుడు వెంటరావలెనన్నచో, తరువాతి పుట త్రిప్పించు విద్య తెలిసియుండవలెను. అది వ్యాకరణమునుండి వచ్చు విద్య కాదు. జేబు పుస్తకములను అచ్చువేసిన సంస్థయే ఈ సాహిత్య చరిత్రను అచ్చువేయుటయు యాదృచ్ఛికముగ తోచదు.

అంత్యప్రాసమన్న ఆయనకు గల వ్యామోహమును, చదరంగమన్న ఇష్టమును దీనితో కలిపి చూడవలెను. మొదటి పాదమున విడిచిన శబ్దము రెండవ పాదమున సాక్ష్యమై తిరిగివచ్చుటయే గదా ప్రాస. అక్కడక్కడ ప్రాసకొరకే భావమును బలియిచ్చిన పద్యములు లేకపోలేదు. ఆ దోషము నవలాకారునిది కాదు, కవిదే.

ఇక ఆయన అభిమానకవులు. ‘వేమన్న వేదం’ ఒకరిని పట్టియిచ్చును. రెండవవారిని గూర్చిన ‘గురజాడ గురుపీఠం’ వ్యాససంపుటికి 1987లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. గురజాడను సంస్కర్తగా కొలుచువారు ఒక సంగతి మరచుచుందురు: ‘కన్యాశుల్కము’ ఒక దొంగ హత్యకేసు చుట్టును తిరుగు నాటకము. ఆడవేషమున పెండ్లికూతురై వచ్చిన మహేశము మాయమగుటతో లుబ్ధావధానులపై ఖూనీ నేరము పడును. శవము లేదు, చచ్చినవారు లేరు, కడకు పెండ్లికూతురే లేదు. పోలీసులకును వకీళ్లకును అందని నిజము మధురవాణికి తెలియును. ఆమెయు మగవేషమున వచ్చి సౌజన్యారావు ఎదుట దానిని విప్పును. 1897లో అచ్చైన ఈ నాటకమును గురజాడ తిరిగి వ్రాసి 1909లో ప్రకటించిరి. ఆయన జీవితము గడచిన ఊరు, ఆరుద్ర చదువుకొన్న ఊరు, రాయపూరు బండి బయలుదేరు ఊరు ఒక్కటే.