వియ్యపురాలి పాట: నవ్వినవాళ్ళూ, గుర్తుంచుకున్నవాళ్ళూ

నవ్వించే పాటను మనం రెండు విధాలుగా చిన్నబుచ్చుతూ వచ్చాం. పండితులు దాన్ని సాహిత్యం కింద జమకట్టలేదు. అభిమానులేమో "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చి, పట్టుచీరతో పాటు కలరా ఉండ వేసి పెట్టెలో దాచారు. మొదటివారి నిర్లక్ష్యమూ రెండోవారి ప్రేమా చివరికి ఒకే పని చేశాయి. ఆ పాట ఎవరిని చూసి నవ్వింది, ఎవరి తరఫున నవ్వింది, నవ్వు ఆగిన తర్వాత ఏం జరిగింది అనే ప్రశ్నలు అడగనివ్వలేదు. విషాదగీతాన్ని వర్గదృష్టితో పరిశీలించడం మనకు అలవాటే. హాస్యగీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం కూడా విమర్శకులం కావడం మానేసి, పెళ్ళికొచ్చిన చుట్టాలమైపోతున్నాం.

నవ్వుకు అంతస్తులున్నాయని మన ప్రాచీనులు దాచకుండానే చెప్పారు. భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో హాస్యాన్ని ఆరు విధాలుగా విభజించాడు. స్మితం, హసితం ఉత్తమ పాత్రలకు. విహసితం, ఉపహసితం మధ్యములకు. అపహసితం, అతిహసితం అధములకు. పళ్ళు కనిపించకుండా నవ్వేవాడు ఉత్తముడు. కళ్ళనీళ్ళు కారేలా, పక్కలు పట్టుకుని నవ్వేవాడు అధముడు. ఎమ్మే క్లాసులో ఈ ఆరు పేర్లూ వల్లించి మార్కులు తెచ్చుకున్నాం. పొద్దుటినుంచీ వంగి నాట్లు వేసి, గట్టుమీద కూచుని పక్కలు పట్టుకుని నవ్వే ఆడకూలీ ఈ పట్టికలో ఎక్కడ పడుతుందో మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. భరతుడు చెప్పింది పాత్రల ప్రకృతి గురించేనని ఎవరైనా సర్దిచెప్పవచ్చు. కాని ప్రకృతికీ పుట్టుకకూ ముడివేసిన సమాజంలో ఆ పట్టిక రంగస్థలం మీదనే ఆగిపోదు.

ఆ పట్టికను రోజూ ధిక్కరించినవాళ్ళు మన స్త్రీలు. వాళ్ళ పెళ్ళిపాటల్లో వియ్యపురాలి పాటలు ఒక ప్రత్యేకమైన శాఖ. బిరుదురాజు రామరాజు గారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' వంటి పరిశోధనల తర్వాత స్త్రీల పాటలకు విశ్వవిద్యాలయాల్లో గౌరవం వచ్చింది. ఈ పాటల పద్ధతి తెలిసిందే. మగపెళ్ళివారు బంతిలో కూచున్నప్పుడో, విడిదింట్లో పలహారాలప్పుడో ఆడపిల్లవైపు స్త్రీలు ఒకచోట చేరి వియ్యపురాలి తిండినీ, నడకనూ, నగలనూ, ఆమె పుట్టింటి గొప్పలనూ ఏకరువు పెడతారు. ఆమె కోప్పడకూడదు. కోప్పడితే ఆమెదే తప్పు. మూడురోజులూ వంగి దండాలు పెట్టవలసినవాళ్ళు, కాళ్ళు కడగవలసినవాళ్ళు, ఆ గంటసేపు తలెత్తి మాట్లాడతారు. ఐరోపా ఉత్సవాల నవ్వును గురించి బఖ్తిన్ రాసినది చదివిన విద్యార్థులకు ఇది వెంటనే తట్టుతుంది: పైనున్నదాన్ని నవ్వు కిందికి దింపుతుంది. నిజమే. అయితే ఎంతసేపటికి? దింపినదాన్ని మళ్ళీ ఎక్కించేదెవరు?

ఇక్కడ నా స్వంత సంగతి ఒకటి చెప్పాలి. 1991లో మా అక్క పెళ్ళయింది. నాకప్పుడు పదకొండేళ్ళు. మా పెద్దమ్మ మా ప్రాంతంలో పేరున్న పాటగత్తె. బంతిలో వియ్యపురాలు ఎన్ని బూరెలు తిన్నదీ, ఎన్ని కొంగున కట్టిందీ లెక్క చెబుతూ ఆవిడ పాడిన పాటకు పందిరి పందిరంతా నవ్వింది. నేను నేలమీద పడి దొర్లాను. ముప్పై ఏళ్ళపాటు ఆ పాట నాకొక పండగ. స్నేహితులకు ఆ వరసలు వినిపించాను. స్త్రీల పాటల్లో ధిక్కార స్వరానికి ఉదాహరణగా ఒక సభలో ప్రస్తావించాను కూడా. కొన్నేళ్ళ కిందట ఆ పాట పూర్తిగా రాసుకుందామని కాగితం, కలం పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను.

"ఆ పాట నా దగ్గర ఎత్తకురా తమ్ముడూ" అంది అక్క.

ఆ రాత్రి వియ్యపురాలు అలిగి విడిదింట్లో తలుపు వేసుకుందట. అలక తీరడానికి స్కూటరు ఒప్పుకోవలసి వచ్చిందట. ఒప్పందంలో లేని స్కూటరు అది. దానికోసం మా నాన్న కాలవకింది అరెకరం తాకట్టు పెట్టాడు. తర్వాత అది మాకు దక్కలేదు. కాపరానికి వెళ్ళిన అక్కకు, వంట రుచి తప్పిన ప్రతిరోజూ, "మీ పెద్దమ్మను పిలిచి దీనిమీద కూడా ఒక పాట కట్టమను" అనే మాట వినిపించేదట. పాట పాడింది పెద్దమ్మ. నవ్వింది ఊరు. దొర్లింది నేను. కట్నం ఇచ్చింది నాన్న. మిగతాదంతా అక్క కట్టింది. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. అప్పటికి దానికి ముప్పై ఏళ్ళు నిండాయి.

ఒకే పాటకు రెండు జ్ఞాపకాలు. నాది అబద్ధం కాదు. నేను నిజంగానే నవ్వాను. కాని నా జ్ఞాపకం పాటతోపాటే ముగిసింది. అక్క జ్ఞాపకం అక్కడే మొదలయింది. ఈ తేడా మా ఇద్దరి స్వభావాలది కాదు, మేమిద్దరం నిలబడిన చోట్లది. ఆడపిల్ల తమ్ముడు పందిట్లో ఉండిపోతాడు, ఆడపిల్ల పందిరి దాటి వెళుతుంది. పాటలోని ధిక్కారాన్ని మాత్రమే చూసి మురిసిపోయే విమర్శ పందిట్లో ఉండిపోయినవాడి విమర్శ. అలాగని ఆ పాట వ్యర్థమని అనను. మా పెద్దమ్మకు వేరే సభ లేదు, వేరే వేదిక లేదు. మగపెళ్ళివారి దౌష్ట్యాన్ని మాటగా అంటే తగాదా అవుతుంది, పాటగా అంటే ముచ్చట అవుతుంది. ఆ ఒక్క సందులోంచే ఆవిడ మాట్లాడగలిగింది. కాని ఆ సందును తెరిచిందీ, మళ్ళీ మూసిందీ ఆచారమే. వియ్యపురాలిని ఎగతాళి చేసిన పాట వియ్యపురాలి స్థానాన్ని ఎన్నడూ ప్రశ్నించలేదు. వియ్యపురాలూ ఒకనాటి కోడలేనన్న ఎరుక ఆ పాటలో లేదు. అందుకే దాని దెబ్బ ఒక స్త్రీకి తగిలి, బిల్లు ఇంకొక స్త్రీకి వచ్చింది.

సినిమా ఈ బాణీని అందిపుచ్చుకున్నప్పుడు ఏం చేసిందో చూడాలి. 1959లో వచ్చిన 'ఇల్లరికం' చిత్రానికి కొసరాజు రాఘవయ్య చౌదరి రాయగా మాధవపెద్ది సత్యం పాడిన ఇల్లరికపు అల్లుడి పాటను ఎరగని తెలుగువాడు అరుదు. జానపదుడి నుడికారాన్ని అంత సుళువుగా సినిమాలోకి తెచ్చిన కవులు మనకు కొద్దిమందే. కొసరాజు ప్రతిభను తగ్గించడం నా ఉద్దేశం కాదు. కాని ఆ నవ్వు ఎక్కడినుంచి వస్తోంది? పుట్టిల్లు వదిలి, అత్తవారింట చేరి, వాళ్ళ తిండి తిని, వాళ్ళ మాట పడి బతకడం మగవాడు చేశాడు గనక వస్తోంది. సరిగ్గా అదే పని ఈ దేశంలో కోట్లమంది స్త్రీలు చేస్తే అది నవ్వులాట కాలేదు, ధర్మమయింది. వాళ్ళకు మనం పాడింది అప్పగింతల పాట. ఒకే స్థితి, మగవాడికైతే హాస్యం, ఆడదానికైతే కరుణ. రసం వస్తువులో లేదు, వ్యవస్థలో ఉంది. అలంకారశాస్త్రం చదివే విద్యార్థులు ఈ ఒక్క ఉదాహరణ మీద ఆలోచించినా చాలు.

జ్ఞాపకం పాట అర్థాన్ని తలకిందులు చేయగలదని చెప్పడానికి కొసరాజుదే మరో పాట ఉంది. 1962 నాటి 'కులగోత్రాలు'లో పేకాటలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళ పాట అది. మాధవపెద్ది, పిఠాపురం నాగేశ్వరరావు కలిసి పాడారు. వ్యసనాన్ని ఎగతాళి చేయడానికి పుట్టిన ఆ పాటను నేను ఎక్కువసార్లు విన్నది పేకాట దగ్గరే. ఓడినవాడు దాన్ని కూనిరాగం తీస్తాడు, గెలిచినవాడు వంత పాడతాడు, మళ్ళీ ముక్కలు పంచుతారు. పాట మారలేదు. ఒక్క మాటా పోలేదు. కాని ఎవరిని గుచ్చాలో వాళ్ళే దాన్ని దిండుగా వాడుకుంటున్నారు. వ్యంగ్యాన్ని ఓడించడానికి దాన్ని నిషేధించనక్కర్లేదు, ముద్దు చేస్తే చాలు.

నవ్వు ఎప్పుడూ పైకే ఎగరదు. మన హాస్యగీతాల్లో చాలాభాగం కిందివాళ్ళ మీద పడి నవ్వినవే. రంగు, పొట్టితనం, నత్తి, చెవుడు, కులవృత్తి, వీటిమీద కట్టిన పాటలకు లెక్కలేదు. ఉపాధ్యాయుడిగా నేనూ ఈ పాపంలో భాగస్థుణ్ణే. ఒకసారి మా బడి వార్షికోత్సవానికి పిల్లలకు ఒక హాస్యగీతం నేర్పించాను. క్షౌరం చేయించుకోబోయి గుండు గీయించుకున్న ఒక షావుకారు కథ. చిన్నప్పుడు నేను విని నవ్విన పాట, ఎంతో ఇష్టంతో నేర్పించాను. నవ్వంతా కత్తి పట్టినవాడి తెలివితక్కువతనం మీద. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు రిహార్సళ్ళకు రావడం మానేశాడు. గొంతు నొప్పి అన్నాడు. వాళ్ళ నాన్నది ఏ వృత్తో నాకు తెలుసు. తెలిసి కూడా, వార్షికోత్సవం అయిపోయి పిల్లలంతా చప్పట్లు కొట్టేదాకా ఆ రెండు సంగతులనూ కలిపి చూడలేకపోయాను. నా బాల్యపు తీపి నా కళ్ళకు అంతగా అడ్డం నిలిచింది.

అయితే నవ్వును ఎలా వాడాలో మన ఉద్యమ సాహిత్యానికి తెలియకపోలేదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టింది. బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు, ఒక పక్క రాజకీయపు వంత, ఇంకో పక్క హాస్యపు వంత. షేక్ నాజర్ చేతిలో ఈ రూపం సాధించినదేమిటో చూసినవాళ్ళు చెబుతూనే వచ్చారు. నేను గమనించమనేది ఆ ముగ్గురూ నిలబడిన తీరు. హాస్యం కథకు బయట లేదు, రాజకీయానికి ఎదురుగానే నిలబడి ఉంది. హాస్యపు వంత తెలియనివాడిలా అడుగుతాడు, రాజకీయపు వంత విప్పి చెబుతాడు. అందుచేత నవ్వు దారి తప్పడానికి వీల్లేదు. తర్వాతి దశాబ్దాల్లో ప్రభుత్వాలు కుటుంబ నియంత్రణ వంటి ప్రచారాలకు ఇదే రూపాన్ని వాడుకున్నాయి. అక్కడ కూడా హాస్యపు వంత ఉన్నాడు. కాని అతని నవ్వు జమీందారును వదిలి, ఎక్కువమంది పిల్లల్ని కన్న పేదవాడి మీదికి తిరిగింది. రూపం అదే, గురి మారింది. బుర్రకథ అనగానే పొంగిపోయే మన జ్ఞాపకం ఈ రెంటినీ వేరుచేసి చూడాలి.

ఇలా ప్రతి నవ్వునూ బోనెక్కిస్తే నవ్వు మిగులుతుందా అని మిత్రులు అడుగుతారు. మిగులుతుంది. నమ్మకంగా నవ్వగలిగే నవ్వు మిగులుతుంది. ఎవరి మెడమీద కాలుపెట్టామో తెలియక నవ్వడం అమాయకత్వం కావచ్చు. తెలిసిన తర్వాత కూడా అదే నవ్వు నవ్వడం వేరే సంగతి.

జానపద గేయాలు సేకరిస్తున్న విద్యార్థులకు నా మనవి ఒక్కటే. పాట రాసుకోండి, వరస రికార్డు చేసుకోండి. అక్కడితో లేచిరాకండి. అది ఎవరు పాడారు, ఎవరిమీద పాడారు, పాడించుకున్నవాళ్ళు ఆ రాత్రి ఏం చేశారు, దాన్ని వినలేనివాళ్ళు ఆ ఇంట్లో ఎవరున్నారు, ఇవి కూడా అడగండి. పాడిన ముసలమ్మ దగ్గర పాట దొరుకుతుంది. పాడవద్దన్న మనిషి దగ్గర దాని చరిత్ర దొరుకుతుంది.

మా పెద్దమ్మ పాట నా పుస్తకంలో సగమే ఉంది. మిగతా సగం అక్కకు వచ్చు. ఆమె చెప్పదు. ఆ ఖాళీని ఖాళీగానే ఉంచాను, పక్కన స్కూటరు సంగతి రాసి పెట్టాను.