అమ్మ వచ్చింది, నాన్నగారు వచ్చారు

విదేశాల్లో తెలుగు చెప్పడానికి వెళ్ళినవాళ్ళ అనుభవాలు అనగానే మంచు, ఒంటరితనం, కరివేపాకు దొరకకపోవడం గురించి రాసుకుంటాం. రుషికొండ నుంచి వెళ్ళి రెండేళ్ళు అమెరికాలో తెలుగు చెప్పినప్పుడు నేనూ అవన్నీ పడ్డాను, క్రమంగా అలవాటయ్యాయి. అలవాటు కానిదల్లా బోర్డు మీద నా చేత్తో రాసిన నా భాషే.

మొదటి వారం క్రియలు. 'అతను వచ్చాడు. ఆమె వచ్చింది. కుక్క వచ్చింది.' అక్కడే పుట్టిన తెలుగమ్మాయి ఒకరు చెయ్యెత్తి, "టీచర్, ఆమెకీ కుక్కకీ ఒకటేనా?" అని అడిగింది. "వ్యాకరణం అంతేనమ్మా" అన్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు.

చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం స్త్రీలు, జంతువులు, జడపదార్థాలు కానివే మహత్తులు. స్త్రీకి 'మహతి' అని వేరే పేరున్నా, ఏకవచనంలో ఆమె నడక అమహత్తుతోనే. బహువచనంలోనే మనుషుల్లో కలుస్తుంది. తమిళ, కన్నడాల్లో ఆమెకి వేరే ప్రత్యయం ఉంది. అంతమాత్రాన అక్కడి స్త్రీ మనకంటే స్వేచ్ఛగా ఉందనలేం. ప్రత్యయాన్ని చూసి సమాజానికి తీర్పు చెప్పడం తొందరపాటే.

అయితే గౌరవ బహువచనం సంగతి వేరు. అక్కడ ఎంచుకునేది వ్యాకరణం కాదు, మనం. ఇంటి గురించి రాయమంటే మా పిల్లలు చాలామంది 'నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది' అనే రాశారు. నేను నేర్పలేదు, ఇంట్లో విన్నదే. రుషికొండలో మా ఇంట్లోనూ అంతే. మేడమ్ గారు వచ్చారు, పనిమనిషి వచ్చింది, చేపలామె వచ్చింది. దొంగ కూడా 'వచ్చాడు'. మగవాడికి పుట్టుకతో దక్కిన మనిషి ప్రత్యయం స్త్రీకి దక్కాలంటే ఉద్యోగమో, డబ్బో, కులమో, వయసో తోడు కావాలి.

1973లో అమెరికా వెళ్ళిన నిడదవోలు మాలతిగారు 2001లో 'తూలిక' అంతర్జాల పత్రిక పెట్టి తెలుగు కథలని ఇంగ్లీషులోకి తెచ్చారు. అలాంటి అనువాదాలు చదివేటప్పుడు నేను వెతికేది ఈ తేడానే. ఇంగ్లీషులో దొరసానికీ పనిమనిషికీ ఒకటే 'షీ'. తెలుగు కథకుడు ఏ స్త్రీకి 'వచ్చారు' అన్నాడో, ఏ స్త్రీకి 'వచ్చింది' అన్నాడో అందులో కనబడదు. మూలంతో పోల్చి చూస్తే రచయిత చూపు ఎటు వంగిందో తెలుస్తుంది. మన కథా విమర్శ ఇక్కడ ఆగి చూడడం అరుదు. నా చూపు మాత్రం? మాలతిగారు 'తెచ్చారు' అని ఇప్పుడే రాశాను. మా అమ్మయితే 'తెచ్చింది' అని రాసేదాన్ని.

'అమ్మ వచ్చింది'లో ఉన్న చనువు వదులుకోమని అనను. ఆ చనువు నాన్న దగ్గర ఎందుకు లేదో, ఆ గౌరవం చేపలామె దాకా ఎందుకు రాదో అడుగుదాం. ఆ అమ్మాయికి నేను చెప్పవలసిన జవాబు అక్కడ మొదలవుతుంది.