జెరూసలేం తీర్పు, తిరుమల తలనీలాలు

2004 మే నెలలో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ వీధుల్లో మంటలు వేసి అందులో విగ్గులు పడేశారు. ఇజ్రాయెల్‌లోనూ అదే జరిగింది. ఒక్కోటి వేల డాలర్లు పోసి కొన్న విగ్గులు. తగలబెట్టినవాళ్లు దొంగలూ కాదు, అల్లరిమూకలూ కాదు. ఆచారం తప్పకుండా బతికే యూద కుటుంబాలవాళ్లు. ఆ విగ్గుల్లోని వెంట్రుకలు మన తిరుమల కల్యాణకట్టలో తీసినవేమోనన్న అనుమానం ఒక్కటే దానికంతటికీ కారణం.

ఆ వార్త చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. మా ఇంట్లో పిల్లలందరికీ పుట్టువెంట్రుకలు తీయించింది కొండమీదే. జబ్బు నయమైందని, కాన్పు సుఖంగా అయిందని గుండు కొట్టించుకున్న ఆడవాళ్లు మా బంధువుల్లో ఎందరో. వాళ్లిచ్చిన తలనీలాలు ఎవరికో అంటరానివయ్యాయంటే మనసు చివుక్కుమంది. కానీ ఆ వెంట్రుకలు వాడకూడదన్న తీర్పు ఎక్కణ్నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోయేసరికి కోపం పోయి ఆసక్తి మిగిలింది. ఆ ఒక్క తీర్పును అర్థం చేసుకోవాలంటే యూదమతం మొత్తాన్ని పరిచయం చేసుకోవాల్సి వచ్చింది.

అసలు వాళ్లకు విగ్గులెందుకు? పెళ్లయిన స్త్రీ పరాయివాళ్లకు తన జుట్టు కనపడనీయకూడదన్నది వాళ్ల నియమం. కొందరు గుడ్డ కట్టుకుంటారు, కొందరు విగ్గు పెట్టుకుంటారు. తమాషా ఏమిటంటే, జుట్టు కప్పుకోవాలని వాళ్ల మూలగ్రంథమైన తోరాలో ఎక్కడా నేరుగా చెప్పలేదు. సంఖ్యాకాండంలో, భర్త శంకించిన భార్య విషయంలో యాజకుడు ఆమె తల ముసుగు తీయాలని ఒక మాట ఉంది. తీయాలని అన్నారంటే మామూలుగా కప్పుకునే ఉంటారన్నమాట, కాబట్టి కప్పుకోవడం ధర్మం అని తాల్ముద్ అనే ధర్మచర్చల గ్రంథంలోని పండితులు తేల్చారు. ఒక్క క్రియాపదంలోంచి రెండువేల ఏళ్ల ఆచారం పుట్టింది. మన పూర్వమీమాంస చదివినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. వేదవాక్యంలో విధి ఏది, నిషేధం ఏది, చెప్పకుండానే చెప్పింది ఏది అని జైమిని అనుయాయులు తరిచినట్టే వీళ్లూ తరుస్తారు. అలా తరచడానికి రబ్బీ (మతపండితుడు) ఇష్మాయేలు పేరుమీద పదమూడు సూత్రాలే ఉన్నాయి.

తోరా అంటే మోషే అయిదు కాండాలు. తెలుగులో పాత నిబంధన చదివినవాళ్లకు ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం దాకా తెలిసినవే. ప్రవక్తల గ్రంథాలు, ఇతర రచనలు కలుపుకుంటే వాళ్ల లెక్కలో 24 పుస్తకాలు. ప్రార్థనామందిరంలో చదివే తోరాను ఇప్పటికీ అచ్చువేయరు. చర్మపత్రం మీద ఈక కలంతో చేత్తో రాస్తారు. 3,04,805 అక్షరాలు. ఒక్క అక్షరం తప్పినా, చెరిగినా, దిద్దేదాకా ఆ చుట్టను చదవడానికి వీల్లేదు. మన తిరుమల ధర్మగిరి వేదపాఠశాలలో పిల్లలు పుస్తకం పక్కనపెట్టి జట, ఘన పాఠాలు వల్లిస్తూ స్వరం చెడకుండా కాపాడేది నోటితో. వాళ్లు కాపాడుకున్నది సిరాతో. ఎంత నోటికొచ్చినా సరే, తోరాను చుట్టలో చూసే చదవాలి.

ఆ రాతకు తోడు ఒక నోటి సంప్రదాయమూ వాళ్లకుంది. క్రీస్తుశకం 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా దాన్ని మిష్నాగా కూర్చారు. దాని మీద బాబిలోనియాలో తరతరాల పండితులు చేసిన వాదప్రతివాదాలే తాల్ముద్. అది 2,711 పత్రాల గ్రంథం. రోజుకొక పత్రం చొప్పున ప్రపంచమంతటా ఒకే పాఠం చదివే ఏర్పాటు 1923లో మొదలైంది. ఒక ఆవృత్తి పూర్తవడానికి దాదాపు ఏడున్నరేళ్లు పడుతుంది. పుట మధ్యలో మూలం, ఒక పక్క పదకొండో శతాబ్దపు ఫ్రాన్సు పండితుడు రషీ వ్యాఖ్య, మరోపక్క ఆయన తర్వాతివాళ్ల ఆక్షేపణలు. చదివేది ఒంటరిగా కాదు, ఇద్దరు కూర్చుని గట్టిగా వాదించుకుంటూ. మన తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో వాక్యార్థసభ చూసినవాళ్లు ఆ సందడిని ఊహించుకోగలరు. నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది ఇంకొకటి. ఆ పండితుల్లో హిల్లేలు వర్గం, షమ్మయి వర్గం ఎన్నో విషయాల మీద వాదించుకున్నాయి. ఆచరణలో చాలావరకు హిల్లేలు మాటే నిలిచింది. అయినా ఓడిన మాటను కొట్టెయ్యలేదు, రెంటినీ పక్కపక్కనే రాసి పెట్టారు.

ఇలా తేల్చిన నడవడికనే హలాఖా అంటారు. సంప్రదాయం లెక్కగట్టిన ఆజ్ఞలు 613. చేయాల్సినవి 248, చేయకూడనివి 365. ఏం తినాలి, మాంసం పాలు ఎందుకు కలపకూడదు, పుట్టిన ఎనిమిదో రోజున మగపిల్లవాడికి సున్నతి, ఇలా అంతా అందులోనే. శుక్రవారం సూర్యాస్తమయానికి కాస్త ముందు ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. అక్కణ్నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా విశ్రాంతి దినం. 39 రకాల పనులు నిషిద్ధం. పొయ్యి వెలిగించరు, రాయరు, కుట్టరు. మన తెలుగునేల మీదా ఈ దినం పాటించే ఊరుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం 1991లో ప్రార్థనామందిరం కట్టుకుంది. మాదిగ కుటుంబాలు. ఒకప్పుడు క్రైస్తవంలో ఉన్నవాళ్లు. తాము ఇజ్రాయెల్ గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అని నమ్ముతారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వాళ్ల మీద పరిశోధించి 2013లో ఒక పుస్తకమే తెచ్చారు.

ఇక తీర్పు సంగతి. యూదమతానికి వెన్నెముక ఒక్కటే మాట: దేవుడొక్కడే, ఆయనకు రూపం లేదు. అన్యదైవపూజ చేయమని కత్తి పెట్టి బెదిరించినా ప్రాణమే వదులుకోవాలి తప్ప చేయకూడదు. ప్రాణం కాపాడుకోవడానికి దాదాపు అన్ని ఆజ్ఞలనూ పక్కనపెట్టనిచ్చే ధర్మంలో, మినహాయింపులేని మూడింటిలో ఇదొకటి. తక్కినవి హత్య, అక్రమ సంబంధం. అన్యదైవానికి అర్పించిన వస్తువు నుంచి ఏ లాభమూ పొందకూడదు, దాన్ని నాశనం చెయ్యాలి. దీనికోసం మిష్నాలో ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. దానిమీద తాల్ముద్‌లో ఒక చర్చ వస్తుంది. ద్రాక్షగుత్తిని కోసేటప్పుడే విగ్రహం కోసమని కోస్తే, ఆ కోతే అర్పణ. మరి వెంట్రుక సంగతి? మంగలి కత్తి తల మీద ఆనినప్పుడే అర్పణ జరిగిందా, లేక మనిషి తన మొక్కు తీర్చుకున్నాక మిగిలిన వట్టి జుట్టా?

ఈ ప్రశ్న జెరూసలేంలో రబ్బీ యోసెఫ్ షాలోం ఎల్యాషివ్ ముందుకు వెళ్లింది. అప్పటికి ఆయనకు పీఠం లేదు, పదవి లేదు. చదువు ఉందని జనం నమ్మారు, అందుకే ప్రశ్నలు ఆయన గుమ్మానికి వచ్చేవి. అంతకు కొన్నేళ్ల ముందు ఇదే ప్రశ్న వస్తే వాడుకోవచ్చనే చెప్పారు. కొత్త సమాచారం వచ్చేసరికి లండన్ నుంచి రబ్బీ అహరోన్ డేవిడ్ డన్నర్‌ను తిరుపతికి పంపించారు. ఆయన వచ్చి, కల్యాణకట్ట చూసి, అడిగి తెలుసుకుని వెళ్లి, గుండు చేయించుకోవడమే ఇక్కడ పూజ అని చెప్పారు. దాంతో వాడకూడదని తీర్పు వచ్చింది. శాస్త్రం మారలేదు, సాక్ష్యం మారింది. అమెరికాలో కొందరు రబ్బీలు ఒప్పుకోలేదు. వాదన మళ్లీ మొదలైంది, వాళ్ల అలవాటు ప్రకారమే.

ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఎదురైంది. సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలో నాజీరు వ్రతం ఉంది. మగవాళ్లయినా ఆడవాళ్లయినా మొక్కుకోవచ్చు. వ్రతం ఉన్నన్నాళ్లు ద్రాక్ష ముట్టకూడదు, శవం దగ్గరకు వెళ్లకూడదు, తలమీద కత్తి పడకూడదు. గడువు చెప్పకుండా మొక్కుకుంటే 30 రోజులు. పూర్తయ్యాక దేవుని గుడారం వాకిట తల గొరిగించుకుని, ఆ వెంట్రుకలను సమాధానబలి కింది నిప్పులో వెయ్యాలి. తర్వాత జెరూసలేం దేవాలయంలో స్త్రీల ప్రాంగణానికి ఆగ్నేయమూలన నాజీరుల కోసం ఒక గది ఉండేదని మిష్నా చెబుతుంది. అక్కడ బలిమాంసం వండుకునేవాళ్లు, తల గొరిగించుకునేవాళ్లు, జుట్టు ఆ కుండ కింద వేసేవాళ్లు. జెరూసలేంలోనూ ఒక కల్యాణకట్ట ఉండేదన్నమాట!

మొక్కులూ మన మొక్కుల్లాంటివే. ఇప్పటి ఉత్తర ఇరాక్ ప్రాంతంలోని అడియాబేనె రాజ్యపు రాణి హెలెని యూదమతం పుచ్చుకుంది. కొడుకు యుద్ధానికి వెళ్తే, క్షేమంగా తిరిగొస్తే ఏడేళ్లు నాజీరు వ్రతం పడతానని మొక్కుకుంది. కొడుకొచ్చాడు. ఏడేళ్లూ చేసి పవిత్రదేశానికి వస్తే, పరాయిదేశంలో చేసింది చెల్లదు, ఇక్కడ మళ్లీ ఏడేళ్లు చెయ్యమన్నారు హిల్లేలు వర్గంవాళ్లు. ఆ చివరన మైల తగిలి మరో ఏడేళ్లు చేసిందని ఒక మాట, కాదు, మొత్తం పద్నాలుగేళ్లే అని వేరొక రబ్బీ యెహూదా మాట. రెండూ మిష్నాలో ఉన్నాయి. కొడుకు కోసం మొక్కుకున్న ఆ తల్లి మన క్యూలైన్లో ఎవరి ముందు నిలబడినా పరాయిదనిపించదు. క్రీస్తుశకం 70లో రోమన్లు ఆ దేవాలయాన్ని కూల్చేశాక బలులు ఆగిపోయాయి, ఆ గదీ పోయింది. బలుల చోటును ప్రార్థన, చదువు ఆక్రమించాయి.

మరి మన తలనీలాలు అర్పణేనా? నిజాయితీగా చెప్పుకోవాలి. స్వామి తలకు గాయమై కాస్త జుట్టు పోతే నీలాదేవి తన కురులు ఇచ్చిందనే కథ వింటే ఎవరికైనా అది కానుకే అనిపిస్తుంది. రబ్బీ డన్నర్‌కు అలా తోచడంలో తప్పులేదు. కానీ కల్యాణకట్ట గర్భాలయంలో లేదు. ఆ వెంట్రుకను స్వామి ముందు పెట్టరు, నైవేద్యం చెయ్యరు. పోగుచేసి, పొడవుల వారీగా వేరుచేసి వేలం వేస్తారు. దేవస్థానానికి దానిమీద ఏటా వంద కోట్ల రూపాయలకు పైగా వస్తుంది. గుండు చేయించుకున్న మనిషి ఆ జుట్టు వైపు తిరిగి కూడా చూడడు. చందనం పూసుకుని దర్శనానికి పోతాడు. ఇచ్చింది జుట్టు కాదు, అందం మీది మమకారం, నేనన్న అహం. మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను అన్న తృప్తి. నా దృష్టిలో ఇది హెలెని మొక్కుకు దగ్గర, ద్రాక్షగుత్తికి దూరం.

2008 ఫిబ్రవరిలో జెరూసలేంలో హిందూ, యూద మతపెద్దలు రెండోసారి సమావేశమయ్యారు. అంతకు ముందు ఏడాది ఢిల్లీలో కూర్చున్నారు. హిందువులు కొలిచేది ఒక్క పరమాత్మనేనని, ఏ రూపాన్ని పూజించినా అది ఆ ఒక్కడికేనని ఆ సభ ప్రకటనలో రాసుకున్నారు. మన వైపు నుంచి స్వామి దయానంద సరస్వతి, వాళ్ల వైపు నుంచి ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ యోనా మెట్జెర్ అందులో ఉన్నారు. విగ్గుల తీర్పును అది కదిలించలేదు. ఎల్యాషివ్ 2012లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన మాట పాటించే ఇళ్లల్లో ఇవాళ్టికీ విగ్గు కొనేముందు భారతదేశపు వెంట్రుక లేదని ధ్రువపత్రం అడుగుతారు.

వేల డాలర్ల వస్తువును ఒక్క సందేహానికి మంటల్లో వేసినవాళ్ల నిష్ఠకు నేను నమస్కరిస్తాను. తీర్పుతో మాత్రం ఏకీభవించను. మళ్లీ ఎవరైనా ఈ ప్రశ్న పట్టుకుని కొండెక్కితే, మన ఊరివాళ్లు దయచేసి కోపగించుకోకండి. కల్యాణకట్ట దగ్గర కూర్చోబెట్టి, మీరు గుండు ఎందుకు చేయించుకున్నారో, అప్పుడు మనసులో ఏముందో దాచకుండా చెప్పండి. వాళ్ల ధర్మం సాక్ష్యం వింటుంది. మొదటి తీర్పు మారింది సాక్ష్యం వల్లే.