కొంగ ముందు పళ్లెం

కోర్టు తీర్పులతో సాహిత్య విమర్శకునికేం పని అని మిత్రులు కొందరు అడుగుతున్నారు. తీర్పు కూడా రచనే గదా! కథ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎవరికి నోరివ్వాలో అక్కడా రచయితే నిర్ణయిస్తాడు. తేడా యేమంటే, ఆ నిర్ణయం మీద మనుషుల కూలిడబ్బులు ఆధారపడి వుంటాయి.

1971 మార్చి 8న అమెరికా సుప్రీంకోర్టు గ్రిగ్స్ కేసులో యిచ్చిన తీర్పును తీసుకుందాం. రంగస్థలం నార్త్ కరొలినాలో డ్యూక్ పవర్ కంపెనీవారి విద్యుత్కేంద్రం. పనివారు 95 మంది; వారిలో నల్లవారు 14 మంది. కంపెనీ వారిని లేబర్ విభాగంలోనే వుంచింది. అక్కడి అత్యధిక వేతనం తక్కిన విభాగాల్లోని అత్యల్ప వేతనం కంటె తక్కువ. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల చట్టం ఏడవ అధ్యాయం 1965 జూలై 2న అమలుకు వచ్చింది. సరిగ్గా ఆనాడే కంపెనీ, మంచి విభాగాల్లో కొత్తగా చేరేవారికి హైస్కూలు పట్టాతో బాటు రెండు పరీక్షలు కూడా పెట్టింది. పట్టా లేకుండా అంతకుముందు చేరిన తెల్లవారు ఆ పనులనే చక్కగా చేసుకుపోతున్నారు! 1960 జనాభా లెక్కల్లో ఆ రాష్ట్రాన హైస్కూలు పూర్తిచేసిన తెల్ల పురుషులు నూటికి 34 మంది, నల్ల పురుషులు 12 మంది.

కంపెనీకి దురుద్దేశం లేదని అప్పీలు కోర్టు తేల్చింది. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ మాత్రం మనసును వదలి ఫలితాన్ని చూశాడు. పనితో సంబంధం రుజువు కాని పరీక్ష నల్లవారికి అడ్డుగోడ అయితే, ఉద్దేశం మంచిదైనా అది చెల్లదన్నాడు. మన బడిపిల్లలకు తెలిసిన నక్క–కొంగ కథను అక్కడ జ్ఞాపకం చేశాడు. పాలు యిద్దరికీ పోశాం అంటే సరా? పాత్ర ఆకారం ఎవరి మూతికి సరిపోతుందో చూడవద్దా? సమానత్వాన్ని గురించిన పెద్ద గ్రంథాలకంటె నాకీ పోలికే నచ్చింది. బర్గర్ అభ్యుదయవాది యెంతమాత్రం కాడు. నిక్సన్ నియమించిన మనిషి. రాజభక్తుడైన బాల్జాక్ వాస్తవికతను గురించి ఎంగెల్స్ 1888లో రాసిన ఉత్తరం యిక్కడ గుర్తుకు రాక మానదు.

అయినా యీ రచనలో లోపం వున్నది. కోర్టుకెక్కిన పదముగ్గురి గొంతు ఒక్కచోటా వినపడదు. పైగా "వ్యాపార అవసరం" అనే సందు ఒకటి వదిలిపెట్టింది.

ఆ సందును 1989లో వార్డ్స్ కోవ్ తీర్పు సింహద్వారం చేసింది. అలాస్కా చేపల డబ్బాల కర్మాగారాల్లో ఫిలిప్పినోలు, అలాస్కా ఆదివాసులు డబ్బాల పనిలో. మంచి ఉద్యోగాల్లో అత్యధికం తెల్లవారు. వారి పడకలు వేరు, భోజనశాలలు వేరు. అయిదుగురు న్యాయమూర్తులు యీ అంకెలు చాలవన్నారు. రుజువు భారం చివరిదాకా కార్మికుడిదేనన్నారు. భిన్నాభిప్రాయం రాసిన స్టీవెన్స్‌కు మాత్రం అది తోటల యజమానుల వ్యవస్థలా కనిపించింది.

1991లో కాంగ్రెసు చట్టం చేసి రుజువు భారాన్ని మళ్లీ యజమానిపై పెట్టింది. అందులోనే, పేరెత్తకుండా, తేదీల లెక్కతో ఒక కేసును మినహాయించింది. ఆ తేదీలకు సరిపోయింది వార్డ్స్ కోవ్ ఒక్కటే! ఎవరి ఓటమి వల్ల చట్టం మారిందో వారికే ఆ చట్టం దక్కలేదు.

గ్రిగ్స్ మన దేశానికీ వచ్చింది. 2021లో నీతీషా కేసులో మన సుప్రీంకోర్టు దాన్ని ఉదహరించింది. మగ అధికారులను ఉద్యోగంలో చేరిన అయిదవ, పదవ యేట కొలిచిన ఆరోగ్య ప్రమాణంతోనే, యేళ్ల తరబడి హక్కు నిరాకరింపబడి నలభై దాటిన మహిళా అధికారులను సైన్యం కొలిచింది. అది పరోక్ష వివక్ష అన్నది కోర్టు.

2025 ఏప్రిల్ 23న అమెరికా అధ్యక్షుడు ట్రంప్, ఫలితాన్ని బట్టి వివక్షను నిర్ణయించే యీ పద్ధతిని వెనక్కి నెట్టమని ప్రభుత్వ శాఖలను ఆదేశించాడు. ఆ ఉత్తర్వు 1991 చట్టాన్ని కొట్టివేయజాలదు. కార్మికుడు సొంత ఖర్చుతో ఇప్పటికీ కోర్టుకు పోవచ్చు. అలాస్కా కార్మికులు 1974లో దావా వేసి సుప్రీంకోర్టు తీర్పు కోసం పదిహేనేళ్లు ఆగారు.