లిట్టన్ ఎండను లెక్కగట్టిన తీరు

2021 జూన్ 29న కెనడాలోని లిట్టన్ అనే చిన్న ఊళ్లో ఉష్ణోగ్రత 49.6 డిగ్రీలకు చేరింది. ఆ దేశపు పాత రికార్డు 45 డిగ్రీలు, అదీ 1937 నాటిది. అంత చల్లటి దేశంలో రికార్డు ఒక్కసారిగా నాలుగున్నర డిగ్రీలకు పైగా ఎగబాకడం వాతావరణ శాస్త్రవేత్తలకే నమ్మశక్యం కాలేదు.

జూలై 7 నాటికల్లా, వాతావరణ విపరీతాల్లో భూతాపం పాత్రను లెక్కగట్టే వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ బృందం ఈ ఎండపై తన అధ్యయనాన్ని జనం ముందు పెట్టింది. గీర్ట్ యాన్ వాన్ ఓల్డెన్‌బోర్గ్, ఫ్రీడెరికె ఒట్టో ముందుండి నడిపిన బృందమిది. ఆ తొందరలోనూ పనితనం ఎక్కడా సడలలేదు.

వాళ్లు లిట్టన్ థర్మామీటర్ ఒక్కదాన్నే పట్టుకోలేదు. సియాటిల్, పోర్ట్‌లాండ్, వాంకూవర్ నగరాలున్న ప్రాంతాన్నంతా తీసుకున్నారు, ఎందుకంటే జనం ఉండేది అక్కడే. ఏటా అక్కడ అత్యంత వేడిగా ఉన్న రోజును ఏరి, భూగోళం వేడెక్కే కొద్దీ పైకి జరిగే సంభావ్యతా రేఖను గీశారు. ఆపైన పలు వాతావరణ నమూనాలతో సరిచూశారు.

చిక్కు అక్కడే వచ్చింది. 2020 వరకున్న లెక్కలతో గీసిన రేఖ ప్రకారం ఇంత ఎండ రావడం అసాధ్యం. వచ్చిన ఎండనూ కలిపి గీస్తే, నేటి వాతావరణంలో సుమారు వెయ్యేళ్లకు ఒకసారి వచ్చేదని తేలింది. ఈ ఇరకాటాన్ని వాళ్లు దాచలేదు. ఇది మహా అరుదైన దురదృష్టమైనా కావచ్చు, వేడి పెరిగే తీరే మన అంచనాలను దాటిపోయి ఉండవచ్చు అని రెండు దారులనూ తెరిచే ఉంచారు.

తేల్చగలిగింది మాత్రం గట్టిగానే చెప్పారు. మనిషి వల్ల వచ్చిన వేడి లేకపోతే ఇలాంటి ఎండ కనీసం 150 రెట్లు అరుదుగా ఉండేది, సుమారు 2 డిగ్రీలు తక్కువగా ఉండేది. భూతాపం 2 డిగ్రీలకు చేరితే ఐదు నుంచి పదేళ్లకోసారి రావచ్చు. ఆ 150 కింది హద్దు మాత్రమే. అంతకంటే పెద్ద అంకె వేసి పతాక శీర్షికలకెక్కడం తేలికే, వాళ్లు ఆ పని చేయలేదు.

వాన్ ఓల్డెన్‌బోర్గ్ అదే ఏడాది అక్టోబరులో కన్నుమూశారు. ఆయన కట్టిన క్లైమేట్ ఎక్స్‌ప్లోరర్ అనే వెబ్ సాధనంతో ఇలాంటి లెక్కలను ఎవరైనా వేసి చూడవచ్చు. ఆసుపత్రులకూ విద్యుత్ లైన్లకూ పాత రికార్డులనే కొలతగా పెట్టుకునే ఇంజనీర్లు ఈ అధ్యయనాన్ని తప్పక చదవాలి. ఎన్నడూ చూడని ఎండకు సైతం సిద్ధపడటం ఎందుకు అవసరమో అందులో అంకెలతో సహా ఉంది.