లైలాక్ విలాపం

లైలాకూ! మంచు కరిగి, చలిసీమల కొమ్మకొమ్మకూ ప్రాణం పాకే వేళ, హృదయాకారపు ఆకుల నడుమ గుత్తులు గుత్తులుగా విచ్చుకుంటావు. చిన్నారి పువ్వుకు నాలుగే రేకులు. వాటి మీద సంధ్య తన ఆఖరి వన్నె ఒలకబోసి వెళ్లినట్టుంటుంది. వసంతలక్ష్మి సిగలో పూలన్నీ నవ్వుతుంటే నీ ఒక్కదానికే ఎందుకమ్మా ఈ విషాదమాధురి?

బాల్కన్ రాతికొండల ఆడపడుచువు. తుర్కుల తోటల్లో పెరిగి, పదహారో శతాబ్దంలో వియన్నా చేరి, వలసజనం వెంట అట్లాంటిక్ దాటావు. నీ పేరులో మన నీలమే ఉంది. పారసీకుల నోట అది నీలక్ అయి, లీలక్ అయి, నీ వెంట ఊరూరా నడిచింది. విక్టోరియా కాలపు ఇంగ్లండులో భర్తను పోగొట్టుకున్న స్త్రీలు దీర్ఘకాలం నలుపు ధరించి, చివరికి నీ రంగు తొడుక్కునేవారు. శోకం ఆరలేదు, వెలుగును ఓర్చుకోవడం మాత్రం నేర్చుకుంది అని చెప్పే రంగు నీది.

1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్ నాటకశాలలో లింకన్ మీద తుపాకి పేలింది. మర్నాటి పొద్దుకు ఆయన లేడు. అప్పుడు నువ్వు విరగబూసి ఉన్నావు. ఆ తరవాత నీ పరిమళం సోకినప్పుడల్లా వాల్ట్ విట్మన్‌కు ఆ మరణమే మనసులో మెదిలింది. తన స్మృతిగీతంలో ఆ శవపేటికకు కవి సమర్పించింది నీ రెమ్మనే.

న్యూ ఇంగ్లండ్ అడవుల్లో ఉన్నట్టుండి ఎదురవుతావు. పక్కనే రాళ్లు పేర్చిన గుంట, ఒకప్పుడది ఇల్లు. మంచి నేలలు వెతుక్కుంటూ రైతులు పడమరకు తరలిపోయారు. కప్పు కూలింది, గడప పుచ్చింది, పొలాన్ని అడవి మింగింది. నువ్వు మాత్రం వేళ్ల నుంచి పిలకలు వేస్తూ, నూరేళ్లు దాటినా, లేని వాకిలికి కాపలా కాస్తున్నావు. నిన్ను నాటిన చేతులెవరివో చెప్పేవారు లేరు. మే నెల వస్తే నువ్వే వాళ్ల కోసం పూస్తావు.

ఎముకలు కొరికే శీతకాలం గడిపితే తప్ప నీ మొగ్గ సరిగా విచ్చుకోదు. దుఃఖం తెలిసినవారు నిన్ను తమదానిగా ఎంచుకున్నది అందుకేనేమో!

ఆ చలిసీమల్లో ఇళ్లు కొనుక్కుంటున్న తెలుగువారికి ఒక్క మనవి. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకోండి. వాకిట్లో లైలాక్ పొద ఉంటే మాత్రం దాని మీద గొడ్డలి వేయకండి. అక్కడ మీకంటే ముందు ఎవరో బతికారనడానికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే కావచ్చు.